‘చరిత్రలో ఈ రోజు’ టేబుల్ క్యాలెండర్: 366 పుటలు చదివాక

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల పుస్తకాల దుకాణాలలో ఇప్పుడు దొరుకుతున్న ‘చరిత్రలో ఈ రోజు’ టేబుల్ క్యాలెండర్ కొనవచ్చా అని తోటి ఉపాధ్యాయులు అడుగుతున్నారు. ప్రార్థన సమయంలో పిల్లలతో ‘నేటి విశేషం’ చదివించే ప్రతి బడికీ ఇటువంటి వస్తువు అవసరమే కనుక, దీనిని మొదటి పుట నుంచి చివరి పుట వరకు చదివి, నాకు మేలనిపించినవీ లోపమనిపించినవీ కొంత వివరంగా రాస్తున్నాను. కొనవచ్చు, అయితే కొన్ని పుటల దగ్గర ఉపాధ్యాయుడు పిల్లల పక్కన నిలబడి వివరించవలసి ఉంటుంది.

ముందుగా వస్తువు సంగతి. ఇది రోజుకో కాగితం చింపి పారేసే గోడ క్యాలెండర్ కాదు. అట్ట పీఠం మీద నిలబడి, పైన స్పైరల్ తీగతో తిరగేసే 366 పుటల క్యాలెండర్. వారాల పేర్లు ముద్రించలేదు కనుక ఏ సంవత్సరానికైనా పనికివస్తుంది. ప్రతి పుటలో తేదీ పెద్ద అక్షరాలలో, దాని కింద ఆ తేదీన జరిగిన సంఘటనలు, జననాలు, మరణాలు ఉంటాయి. అడుగున రెండు గీతల ఖాళీ వదిలారు. స్థానిక విశేషాలు మనమే రాసుకోవడానికి ఆ ఖాళీ ఉద్దేశించినదని ముందుమాటలో చెప్పారు. ఈ ఆలోచన నాకు బాగా నచ్చింది. అయితే ఆ ఖాళీ చూపించి ప్రచురణకర్తలు తప్పించుకోగూడని చోట్లు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

ఈ క్యాలెండర్ విలువ తెలియాలంటే జులై 4 పుట తీసి చూడాలి. సాధారణంగా ఇటువంటి సంకలనాలలో ఆ తేదీ అమెరికా స్వాతంత్ర్య దినంతో మొదలై అక్కడే ముగుస్తుంది. ఇక్కడ మొట్టమొదటి వాక్యం దొడ్డి కొమురయ్యది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఆంధ్ర మహాసభ సంఘం ఊరేగింపు మీద కాల్పులు జరిపినప్పుడు కొమురయ్య నేలకొరిగాడని, ఆయన అన్న మల్లయ్య గాయపడ్డాడని, తెలంగాణ సాయుధ పోరాటానికి ఆ మరణమే నాంది అయిందని మూడు వాక్యాలలో రాశారు. కడవెండి నేటి జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉందన్న సమాచారం కూడా ఇచ్చారు. ఈ చివరి మాట చిన్నదిగా కనిపించవచ్చు కానీ, ప్రార్థనలో ఈ పుట చదివించినప్పుడు ఒక పిల్లవాడు చెయ్యెత్తి, “సార్, కడవెండి మా అమ్మమ్మోళ్ళ ఊరు పక్కనే” అన్నాడు. ఊరి పేరు, మండలం పేరు లేకుండా ‘నల్లగొండ జిల్లాలో ఒక గ్రామంలో’ అని రాసి ఉంటే ఆ చెయ్యి లేచేది కాదు.

కొమురయ్య తర్వాతి వాక్యం ఫిలిప్పీన్స్‌ది. సరిగ్గా అదే 1946 జులై 4న ఆ దేశానికి అమెరికా నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. ఒక దేశం జెండా మారిన రోజునే మన దగ్గర ఒక ఊరి వీధిలో వెట్టిని ఎదిరించిన యువకుడు ప్రాణం విడిచాడన్నమాట. ఈ రెండు సంఘటనలకు పరస్పర సంబంధం ఏదీ లేదు. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం ప్రపంచమంతటా పాత అధికారాలు ఎలా కదిలిపోయాయో పిల్లలకు పాఠ్యపుస్తకం కంటె త్వరగా అర్థమవుతుంది. ఫిలిప్పీన్స్ వారు 1962లో తమ స్వాతంత్ర్య దినాన్ని జూన్ 12కు మార్చుకున్నారన్న విషయాన్ని కూడా ఇక్కడ చేర్చి ఉంటే బాగుండేది. పరాయి ప్రభుత్వం ఎంచి ఇచ్చిన తేదీని కాదని, స్పెయిన్ నుంచి విముక్తిని 1898లో తాము స్వయంగా ప్రకటించుకున్న తేదీకి ఆ ప్రజలు తిరిగి వెళ్ళారు. తేదీలు వాటంతట అవే ముఖ్యమైనవి కావు, జనం వాటిని ఎంచుకుంటారన్న సంగతి చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

అమెరికా గురించి రాసిన భాగం జాగ్రత్తగా ఉంది. 1776లో స్వాతంత్ర్యానికి అనుకూలంగా కాంగ్రెస్ ఓటు వేసింది జులై 2న అనీ, జులై 4న ఆమోదించింది ప్రకటన పాఠాన్ని అనీ, ప్రతినిధులలో ఎక్కువమంది సంతకాలు చేసింది ఆగస్టు 2న అనీ విడివిడిగా చెప్పారు. సరిగ్గా 50 సంవత్సరాల తర్వాత, 1826 జులై 4న, ఆ ప్రకటన వెనుక ఉన్న ఇద్దరు మాజీ అధ్యక్షులు థామస్ జెఫర్సన్, జాన్ ఆడమ్స్ కొన్ని గంటల తేడాతో మరణించారు. ఐదేళ్ళ తర్వాత అదే తేదీన మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో మరణించాడు. ఇటువంటి కాకతాళీయాలంటే పిల్లలు చెవి కోసుకుంటారు. ఆ చెవిలో అసలు చరిత్రను కూడా వేయడం మన పని.

ఆ పుటలో మన పేర్లకు కొదవ లేదు. అల్లూరి సీతారామరాజు 1897లో జన్మించింది, పింగళి వెంకయ్య 1963లో కన్నుమూసింది, నేతాజీ 1943లో సింగపూర్‌లో భారత స్వాతంత్ర్య లీగ్ నాయకత్వం స్వీకరించింది ఈ తేదీననే. స్వామి వివేకానంద 1898లో కాశ్మీర్‌లో ఉన్నప్పుడు జులై 4ను ఉద్దేశించి ఆంగ్లంలో ఒక కవిత రాశారు. నాలుగేళ్ళ తర్వాత, 1902లో, అదే తేదీన బేలూరు మఠంలో దేహం చాలించారు. శాస్త్ర రంగం నుంచి 1934లో మేరీ క్యూరీ మరణం, 2012లో హిగ్స్ బోసాన్ అనే కణం జాడ దొరికినట్లు ఐరోపా పరిశోధన సంస్థ సెర్న్ చేసిన ప్రకటన, 1054లో చైనా ఖగోళ పరిశీలకులు ఆకాశంలో కొత్తగా చూసిన ‘అతిథి నక్షత్రం’ ఇచ్చారు. ఆ నక్షత్రం పేలిన చోటనే నేడు క్రాబ్ నెబ్యులా కనిపిస్తుందన్న వివరణ కూడా ఉంది. ఒక్క అరచేతి వెడల్పు పుటలో ఇంత సమాచారం ఇరుకు లేకుండా అమర్చడం కూర్చినవారి నేర్పు.

ఇంత చక్కని పుట తయారు చేసినవారే ఆగస్టు 11 పుటలో ఎందుకు తడబడ్డారో నాకు అర్థం కాలేదు. అక్కడ 1908లో ఖుదీరాం బోస్‌ను ఉరితీసిన సంగతి ఉంది, ఉండవలసినదే. కానీ 1946లో అదే తేదీన వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేసిన సందర్భంలో రజాకార్ల చేతిలో హతుడైన బత్తిని మొగిలయ్య పేరు లేదు. వరంగల్ నగరంలో ఆయన పేరిట హాలు ఉంది. నగరానికి వచ్చిన ప్రతివారూ కోట తోరణాల ముందు నిలబడి ఫోటో దిగుతారు. ఇదే నగరంలో అమ్ముతున్న క్యాలెండర్‌లో ఆ తేదీ కింద ఆయన పేరు ఉండడం కనీస ధర్మం. అడుగున వదిలిన రెండు గీతల ఖాళీలో మనం రాసుకోవచ్చునన్నది దీనికి సమాధానం కాదు. తెలిసినవాడు రాసుకుంటాడు. తెలియని పిల్లవాడి కోసమే కదా ఈ క్యాలెండర్.

సెప్టెంబర్ 2 పుటలో పరకాల ఉంది కానీ, ఒకే ఒక్క పొట్టి వాక్యంగా ఉంది. 1947లో భారతదేశం స్వతంత్రమైన తర్వాత రెండు వారాలు దాటినా హైదరాబాద్ సంస్థానంలో జాతీయ జెండా ఎత్తడం నేరంగానే ఉన్న సమయంలో, జెండా పట్టుకుని పరకాలకు చేరుకున్న చుట్టుపక్కల గ్రామాల ప్రజల మీద కాల్పులు జరిగాయి. 22 మంది అమరులైనట్లు స్థానిక చరిత్ర చెబుతుంది. వారి స్మృతిలో అక్కడ అమరధామం నిర్మించారు. ఇంత జరిగిన రోజుకు ‘పరకాలలో కాల్పులు’ అన్న రెండు మాటలు సరిపోవు. అదే పుటలో 1945లో టోక్యో అఖాతంలో మిసౌరి యుద్ధనౌక మీద జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకం చేయడానికి, అదే రోజు హనోయిలో హో చి మిన్ వియత్నాం స్వాతంత్ర్యాన్ని ప్రకటించడానికి నాలుగేసి వాక్యాలు కేటాయించారు. 2009లో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి నల్లమలలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన సంగతి కూడా తగినంత వివరంగానే ఉంది. వాటిలో ఏదీ తగ్గించమని నేను అనడం లేదు. పరకాలను పెంచమంటున్నాను.

అన్నిటికంటె ముఖ్యమైన విషయం ఏ తేదీ ఏ పంచాంగం ప్రకారం లెక్కించినది అన్నది. ఏప్రిల్ 23 పుటలో ‘1616లో షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఒకే రోజు మరణించారు’ అని రాశారు. ఆంగ్ల కవి షేక్‌స్పియర్, స్పానిష్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరి పేరిటా ప్రచారంలో ఉన్న తేదీ ఒకటే కానీ, రోజు ఒకటి కాదు. స్పెయిన్ 1582లోనే, నేడు మనం వాడుతున్న గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారింది. ఇంగ్లండ్ 1752 దాకా పాత జూలియన్ లెక్కలోనే ఉండిపోయింది. 1616 నాటికి ఆ రెండు లెక్కల మధ్య పది రోజుల తేడా ఉంది. అంటే ఇంగ్లండ్‌లో ఏప్రిల్ 23 అయిన నాడు స్పెయిన్‌లో మే 3 నడుస్తోంది. పైగా సెర్వాంటెస్ కన్నుమూసింది 22న అనీ, 23 ఖననం చేసిన తేదీ అనీ నేడు పండితులు భావిస్తున్నారు. యునెస్కో ఈ తేదీని ప్రపంచ పుస్తక దినంగా ఎంచుకోవడంలో ఈ పేర్ల ప్రసక్తి ఉంది కనుక, ఈ పుట ప్రతి బడిలోనూ తప్పకుండా చదువుతారు. అందువల్లనే ఇక్కడ వాక్యం సరిగ్గా ఉండాలి.

ఇదే చిక్కు న్యూటన్ విషయంలో మరింత విచిత్రంగా బయటపడింది. ఆయన ఈ క్యాలెండర్‌లో రెండుసార్లు పుట్టాడు: డిసెంబర్ 25న ఒకసారి, జనవరి 4న మరొకసారి. రెండూ సరైనవే. ఇంగ్లండ్ పాత లెక్కలో 1642 డిసెంబర్ 25, కొత్త లెక్కలో 1643 జనవరి 4. ఒక పుటలో కూడా ఆ మాట చెప్పకపోవడంతో చదివే పిల్లవాడికి ఏది నమ్మాలో తెలియదు. సెప్టెంబర్ 2 పుటలోని 1666 నాటి లండన్ మహాగ్నిప్రమాదం కూడా పాత లెక్క తేదీయే. ఆశ్చర్యమేమంటే, ఇంగ్లండ్‌లో పాత లెక్క ముగిసింది కూడా సెప్టెంబర్ 2నే. 1752లో ఆ బుధవారం రాత్రి నిద్రపోయినవారు మర్నాడు లేచేసరికి సెప్టెంబర్ 14, గురువారం అయింది. పదకొండు తేదీలు చట్టం ద్వారా రద్దయ్యాయి. సెప్టెంబర్ 2 పుటకు ఇంతకంటె తగిన విశేషం ఉండదు, కానీ అది అక్కడ కనిపించదు.

ఈ జాగ్రత్త తీసుకోవడం ఈ సంకలనకర్తలకు తెలియని విద్య కాదు. జనవరి 19 పుట చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుని శాసనం అక్కడ మొదటి విశేషం. శక సంవత్సరం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, శనివారం అని శాసనంలోని కాలాన్ని యథాతథంగా ఇచ్చి, అది 1163 జనవరి 19కి సరిపోతుందని, ఈ తేదీ జూలియన్ లెక్కలోనిదని కింద వివరించారు. తన తేదీని తానే ఇంత స్పష్టంగా చెప్పుకున్న రాయి మన ఊరి నడిమధ్యన ఉన్నదన్న ఎరుక ఎంతమందికి ఉంది? కాకతీయులు స్వతంత్రులుగా నిలదొక్కుకున్న దశకు ఈ శాసనం ప్రధానమైన ఆధారం. ప్రదక్షిణ చేసి, నంది ముందు నిలబడి తిరిగి వచ్చే వేలమందిలో శాసన స్తంభం దగ్గర ఆగేవారు కొద్దిమందే. ఈ పుట చదివిన పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళి, తేదీ చెక్కిన చోటు చూపించే ఉపాధ్యాయుడు ఒక్కడున్నా ఈ క్యాలెండర్ ధర గిట్టుబాటు అయినట్లే. శాసనానికి చూపిన ఈ శ్రద్ధలో సగం షేక్‌స్పియర్ మీద, న్యూటన్ మీద చూపించినా సరిపోయేది.

నిజాం కాలపు తేదీల విషయంలోనూ ఈ వివరణ అవసరం. హైదరాబాద్ సంస్థానంలో సర్కారు కాగితాలు ఫసలీ లెక్కలో నడిచేవి. ఆజుర్, దై, బహమన్ అంటూ సాగే ఆ నెలలు, ఇంగ్లీషు సంవత్సరం కంటె సుమారు 590 తక్కువగా ఉండే ఆ సంవత్సర సంఖ్య మన ప్రాంతపు పాత రెవెన్యూ పత్రాలు తిప్పినవారికి సుపరిచితాలే. ఆ కాలంలో పుట్టినవారి తేదీలు ఎన్నోసార్లు చేతులు మారి మన దాకా వచ్చాయి. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు తోచిన తేదీ వేసిన పెద్దలు మన ఇళ్ళలోనే ఉన్నారు. కనుక ఆ తరానికి చెందిన జయంతులను రాసేటప్పుడు, ముందుమాటలోనైనా ఒక హెచ్చరిక ఉండాలి.

సెప్టెంబర్ 17 పుటను తీర్చిన తీరు మాత్రం అభినందించదగినది. ఈ ఒక్క తేదీ పేరు మీద మన రాష్ట్రంలో ఎంత వాదం నడుస్తున్నదో అందరికీ తెలుసు. ఇక్కడ వాదం లేకుండా, జరిగిన వరుస చెప్పారు. 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యాలు ప్రవేశించాయి, 17 సాయంత్రం నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాల్పుల విరమణ ప్రకటించారు, 18న సంస్థాన సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లాంఛనంగా లొంగిపోయారు. ఆ తర్వాత ఈ రోజును మహారాష్ట్ర మరాఠ్వాడా ముక్తి దినంగాను, కర్ణాటక కల్యాణ కర్ణాటక ఉత్సవంగాను జరుపుకుంటున్నాయని, తెలంగాణ ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినంగా, 2024లో ప్రజాపాలన దినంగా జరిపితే, కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి హైదరాబాద్ విమోచన దినంగా జరుపుతున్నదని చెప్పి ఊరుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లల ముందు చదవడానికి ఇది చాలు, ఇంతకంటె ఎక్కువ అవసరం లేదు. పెరియార్ (1879) జననం, 1978లో ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య కుదిరిన క్యాంప్ డేవిడ్ ఒప్పందం, 1787లో అమెరికా రాజ్యాంగంపై సంతకాలు జరగడం కూడా ఇదే తేదీ కింద ఉన్నాయి.

జూన్ 21 నన్ను నిరాశపరచింది. పుటలో సగం యోగా దినోత్సవానికే పోయింది. పి.వి. నరసింహారావు 1991లో ప్రధానమంత్రిగా ప్రమాణం చేసింది ఆ రోజున. ప్రొఫెసర్ జయశంకర్ 2011లో కన్నుమూసింది కూడా ఆ రోజునే. ఒకరు నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టినవారు, మరొకరు ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టినవారు. పాత వరంగల్ జిల్లా కన్న ఇద్దరు పెద్దల జీవితాలలో ఇంత ముఖ్యమైన తేదీ కలిసి వచ్చినప్పుడు, ఒక్కొక్కరికి ఒక్కొక్క వాక్యమైనా ఉండాలి. పి.వి. జూన్ 28న, జయశంకర్ ఆగస్టు 6న జయంతుల కింద కనిపిస్తారు కానీ, ఇక్కడ లేకపోవడం లోటే.

ఫిబ్రవరి 29 పుట మాత్రం నాకు ఎంతో ఇష్టమైంది. మొరార్జీ దేశాయ్ 1896లో ఆ తేదీన పుట్టారు. 1900 లీపు సంవత్సరం కాదు కనుక ఆయన అసలు పుట్టినరోజు మొదటిసారి తిరిగి రావడానికి నాలుగేళ్ళు కాక ఎనిమిదేళ్ళు పట్టింది. 1904లో వచ్చిన ఆ రోజునే నృత్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ జన్మించారు. వంద చేత భాగింపబడే సంవత్సరం నాలుగు వందల చేత కూడా భాగింపబడితేనే లీపు సంవత్సరమన్న గణిత సూత్రాన్ని ఈ ఇద్దరి జీవితాల ద్వారా చెప్పడం ఎంతో తెలివైన పని. లెక్కల ఉపాధ్యాయులు ఈ పుటను ఫోటోకాపీ తీయించి తరగతి గోడకు అంటించుకోవచ్చు.

మేడారం జాతర, బతుకమ్మ వంటివి ఇందులో లేవు. వారాలు లేని క్యాలెండర్‌లో తిథుల పండుగలకు చోటుండదు. మాఘ శుద్ధ పౌర్ణమికి ముడిపడిన జాతరను ఒక ఇంగ్లీషు తేదీకి కట్టివేయకపోవడమే సబబు. అయితే రామప్ప గుడికి 2021 జులై 25న ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన సంగతిని, 1213 నాటి ఆ నిర్మాణం వెనుక ఉన్న రేచర్ల రుద్రుని పేరుతో సహా, తగిన చోట ఇచ్చారు.

ముద్రణ నాణ్యత ఫరవాలేదు. కాగితం దళసరిగా ఉంది, అక్షరం వెనుక పుటకు కనిపించదు. అక్షర దోషాలు అక్కడక్కడా ఉన్నాయి కానీ, సంఖ్యలలో దోషాలు నాకు తగలలేదు, ఇటువంటి వస్తువులో అదే ప్రధానం. స్పైరల్ తీగ మాత్రం పలచన. రోజూ పిల్లలు తిప్పే చోట తీగ చివర వంగి, పుటలు జారిపోతున్నాయి. హనుమకొండలో జిరాక్స్ కేంద్రాల దగ్గర కొంచెం ఖర్చుతో లావు తీగ వేయించుకుంటే ఏళ్ళపాటు నిలుస్తుంది. చివర పేర్ల అకారాది సూచిక లేదు. కొమురయ్య ఏ పుటలో ఉన్నాడో తెలియాలంటే తేదీ ముందే తెలిసి ఉండాలి. ధర 300 రూపాయల లోపే. బడికి ఒకటి కొనేవారు అడుగు ఖాళీలో ఆగస్టు 11 కింద బత్తిని మొగిలయ్య పేరును, జూన్ 21 కింద ఇద్దరు పెద్దల పేర్లను ముందుగా రాసిపెట్టి, ఆ తర్వాత పిల్లల చేతికి ఇవ్వండి.